కార్డులో పాప పేరు ఉందా?

మా రాజోలు వైపు ఒక పిన్ని రొయ్యల షెడ్డుకి వెళ్తుంది, బాబాయిది కొబ్బరి దింపు పని. అంగన్‌వాడీలో పిల్లల్ని పరీక్షించడానికి వచ్చిన డాక్టరు వాళ్ల రెండేళ్ల మనవరాలి గుండె విని, రంధ్రం ఉన్నట్టుంది, పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నారట. ఆ సాయంత్రం పిన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొచ్చిన రేషన్ కార్డు విప్పి చూస్తే అందులో పాప పేరే లేదు. పుట్టిన సర్టిఫికెట్ ఉంది, ఆధార్ ఉంది, కార్డులో మాత్రం ఎవరూ ఎక్కించలేదు. ఆ ఒక్క పేరు కోసం మూడు వారాలు తిరిగాం. పాప పాలు తాగుతూ తాగుతూ ఆయాసంతో ఆగిపోయేది, నుదుటి మీద చెమట, చూస్తుంటే ఎంత టెన్షనో.

ఆ పేరు కోసం అంత తిరిగింది ఎందుకంటే, పేదలకి ఉచిత వైద్యం ఇచ్చే ప్రభుత్వ పథకానికి ఆ కార్డే ఆధారం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఆ పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. పిల్లల గుండె ఆపరేషన్లు అందులో ఉన్నాయి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో, అంటే ఈ పథకంలో చేరిన ఆసుపత్రిలో, రోగులకి సాయం చేసే మిత్ర డెస్క్ ఉంటుంది, ముందు అక్కడికే వెళ్లండి, వాళ్లే ఆన్‌లైన్లో అనుమతికి పంపుతారు, మంజూరైన ఆపరేషన్‌కి మీరు డబ్బు కట్టక్కర్లేదు. ఎవరైనా అడిగితే 104కి ఫోన్ చేయండి. మామూలు జ్వరాలకి ఓపీ ఖర్చు మాత్రం ఇందులో రాదు, కూలి డబ్బులు సగం అక్కడే పోతున్నాయి, అది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

పాపకి ఆపరేషన్ అయింది. మొన్న చూస్తే కాలవ గట్టు మీద కోడిపిల్లల వెంట పరిగెడుతోంది. మీ ఇంట్లో పసిపిల్లలుంటే ఈ వారమే సచివాలయానికెళ్లి పేరు ఎక్కించండి.