మనీలా ఇంట్రామురోస్ గైడెడ్ టూర్: నా అనుభవం

ముందే చెప్పేస్తున్నా: మనీలాలో కోటగోడల మధ్య ఉన్న పాత ఊరు ఇంట్రామురోస్‌లో గుర్రబ్బండి ఎక్కకండి. ఎక్కక తప్పదనుకుంటే ఈ కింద రాసిన ప్రశ్నలన్నీ అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకున్నాకే కాలు పెట్టండి. మిగతా టూర్ అంతా మనసు నిండిపోయేలా జరిగింది. ఆ ఒక్క బండి దగ్గర మాత్రం నడిరోడ్డు మీద పరువు తీశారు. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టే వెంటనే రాస్తున్నా.

చేరుకోవడం తేలిక. ఎల్ఆర్టీ-1 రైల్లో సెంట్రల్ టెర్మినల్ స్టేషన్‌లో దిగి పావుగంట నడిస్తే కోటగోడ కనబడుతుంది. ఎండ ముదరకముందే, ఉదయం ఎనిమిదింటికల్లా అక్కడుండాలి. మార్చి నుంచి మే దాకా పదింటికే తల మాడిపోతుంది. దారుల్లో చాలాచోట్ల రాళ్లు పరిచి ఉంటాయి, అందుకని చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి.

గైడును ఎంచుకునేటప్పుడు మెడలో పర్యాటక శాఖ గుర్తింపు కార్డు ఉందో లేదో చూడండి. అంతకంటే ముఖ్యంగా ఒక ప్రశ్న అడగండి: "ఇందులో పాతది ఏది, మళ్లీ కట్టింది ఏది?" ఈ ఊరికి ఇదే అసలు పరీక్ష. 1571లో స్పెయిన్ సేనాని లెగాస్పి మనీలాను ఇక్కడి స్పెయిన్ వలసరాజ్యానికి రాజధానిగా స్థాపించాడు. 1583లో ఒక గవర్నర్ అంత్యక్రియల్లో కొవ్వొత్తి అంటుకుని, వెదురూ తాటాకూ వాడి కట్టిన ఊరంతా తగలబడింది. ఆ తర్వాతే రాతి కట్టడాలు, నాలుగున్నర కిలోమీటర్ల గోడ వచ్చాయి. 1945 ఫిబ్రవరిలో జపాన్ సైన్యం లోపల మొండిగా నిలబడితే, అమెరికన్ ఫిరంగులు బయటి నుంచి కొట్టాయి. ఒక్క నెల యుద్ధంలో మనీలా నగరంలో లక్షమంది పౌరులు పోయారు. గోడల లోపల ఏడు చర్చిలుంటే నిలబడింది ఒక్కటే. ఈ సంగతి చెప్పకుండా "నాలుగొందల ఏళ్ల కట్టడాలు" అంటూ మొదలుపెట్టే గైడుకు డబ్బులు దండగ. మా గైడు ఈ విషయంలో దిట్ట. రాయి మీద చెయ్యి పెట్టి మరీ తేడా చూపించింది. పాతరాయి అగ్నిపర్వతపు బూడిద గడ్డకట్టిన రకం, గ్వాదలూపే గనుల నుంచి వచ్చింది. గోరుతో గీస్తే పొడి రాలేంత మెత్తన, పైన నల్లగా పాచి, అంచులు అరిగి గుండ్రంగా ఉంటాయి. కొత్తరాయి అంచులు పదునుగా, రంగు ఒకేలా ఉంటుంది, మధ్యలో సిమెంటు గీత తెలుస్తుంది. ఇది ఒకసారి కంటికి అలవాటైతే మిగతా ఊరంతా మీరే చదువుకోవచ్చు.

ఫోర్ట్ శాంటియాగో టికెట్టు వంద పెసోల లోపే. విద్యార్థులకు తగ్గింపు ఉంటుంది కాబట్టి ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు కాలేజీ ఐడీ మర్చిపోవద్దు. స్పెయిన్‌వాళ్లు రాకముందు ఇక్కడ రాజా సులేమాన్ కొయ్యకోట ఉండేది. పాసిగ్ నది సముద్రంలో కలిసే చోటు కదా, ఎవరు పట్టుకున్నా ముందు దీన్నే పట్టుకునేవారు. ద్వారం మీద సెయింట్ జేమ్స్ చెక్కడం కిందే అందరూ ఫొటోలు దిగుతారు. 1945లో ఆ ద్వారం కూలిపోతే మళ్లీ నిలబెట్టారు. ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హోసే రిజాల్‌ను బంధించింది ఈ కోటలోనే. 1896 డిసెంబరు 30న ఇక్కడి నుంచే నడిపించుకుపోయి బాగుంబాయన్ మైదానంలో కాల్చేశారు. ఆయన నడిచిన దారిలో కంచు పాదముద్రలు పొదిగారు, వాటిని తొక్కకుండా పక్కగా నడవండి. చివరి కవితను స్పిరిట్ స్టవ్వులో దాచి చెల్లెలికి అందజేసిన కథ చాలామంది గైడులు చెబుతారు. నది పక్కనున్న చెరసాలలకు మాత్రం చాలామంది తీసుకెళ్లరు, అడిగి వెళ్లండి. అవి మందుగుండు దాచడానికి కట్టిన గదులు. కమానులు తక్కువ ఎత్తు, లోపల గాలాడదు, పొడుగాటివాళ్లు నడుం వంచాల్సిందే. యుద్ధం ముగిశాక అందులో దాదాపు 600 మంది శవాలు దొరికాయి. బయట తెల్ల శిలువ ఉన్నచోట వాళ్లను కలిపి పాతిపెట్టారు.

ఇక ఆ బండి సంగతి. పేరు కలేసా, మన జట్కాలాంటిదే. కోట గేటు బయట వరసగా నిలబడి ఉంటాయి. శాన్ అగుస్తిన్ చర్చికి కోట నుంచి నడిస్తే పది నిమిషాలు, మహా అయితే పన్నెండు. కానీ "అనుభూతి కోసం" ఎక్కమన్నారు. బండివాడు ప్లాస్టిక్ తొడుగున్న రేటు కార్డు చూపించి "500 పెసోలు, అందరికీ" అన్నాడు. ఎక్కాక బండి చర్చి వైపు తిరగలేదు. గోడ దాటి బయటికి పోయి, రిజాల్ పార్కు పక్కన చుట్టూ తిప్పాడు. ఎవరూ అడగని విగ్రహాల దగ్గర ఆపి, ఫొటో తీసుకోమని బలవంతపెట్టాడు. దిగబోతే జేబులోంచి ఇంకో కార్డు తీశాడు. అందులో 500 మనిషికి, అదీ అరగంటకు. గంట దాటింది కాబట్టి రెండింతలు, పైగా గుర్రానికి మేత డబ్బులు! మొదటి కార్డు చూపించమంటే అదేదీ లేదన్నాడు. బండి మెట్టుకు అడ్డంగా నిలబడి, చుట్టూ పదిమంది చూస్తుండగా "ఇండియన్లు ఎప్పుడూ డబ్బులు ఎగ్గొట్టేవాళ్లే" అని కేకలు పెట్టాడు. అంతసేపూ చక్కగా మాట్లాడిన గైడు ఫోన్ చూసుకుంటూ ఓ పక్కకు జరిగిపోయింది. మా బృందంలో బేరమాడిన పెద్దాయన ముఖం ఎర్రబడిపోయింది. ఆయన తప్పేమీ లేదు, ఆయన అడిగింది న్యాయమైన మాట. అతిథిని నడివీధిలో దేశం పేరు పెట్టి తిట్టడం ఏ ఊరికీ మర్యాద కాదు. ఊరి చరిత్ర అమ్ముకుని బతికేవాడికి ఆ ఊరి పరువు కాపాడాలన్న ఇంగితం ఉండాలి.

చివరికి పని చేసింది ఒక్కటే. ఇంట్రామురోస్ లోపల పాతకాలపు సైనికుల యూనిఫాంలో సెక్యూరిటీ గార్డులు తిరుగుతుంటారు. వాళ్లలో ఒకరిని పిలిచేసరికి బండివాడి గొంతు తగ్గింది, మొత్తం సగానికి దిగింది. కాబట్టి ఎక్కకముందు అడగాల్సినవి ఇవి: మొత్తం రేటా, మనిషికా? పెసోలేనా? ఎన్ని నిమిషాలు? గోడ లోపలే తిరుగుతుందా? ఆపి ఉంచిన సమయానికి కూడా లెక్కకడతారా? దించేది ఎక్కడ? రేటు కార్డునూ బండి మీది నంబరునూ అతని ఎదుటే ఫోన్‌లో ఫొటో తీయండి. ఫొటో వద్దన్నాడంటే ఆ బండి వద్దు. పెద్దనోటు ఇవ్వకండి, చిల్లర లేదంటాడు. గైడే బండి కుదిరిస్తానంటే ఆ డబ్బు టూర్ ఫీజులో కలిపి కట్టండి, అప్పుడు బాధ్యత ఆమెదవుతుంది.

ఈ గొడవతో డబ్బులకంటే పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. శాన్ అగుస్తిన్ మ్యూజియం పన్నెండింటికి మూసి ఒంటిగంటకు తెరుస్తారు. మేం వెళ్లేసరికి తలుపు వేస్తున్నారు. చర్చిలోనేమో పెళ్లి జరుగుతోంది, బయటివాళ్లను రానివ్వలేదు. మనీలాలో డబ్బున్నవాళ్ల పెళ్లిళ్లకు ఇదే పేరున్న చర్చి, శనివారాలు అసలు ఆశ పెట్టుకోకండి. గంటసేపు గోడనీడన కూర్చుని ఒంటిగంటకు లోపలికి వెళ్లాం. చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది: మ్యూజియం టికెట్టుతో పై అంతస్తులోని గాయకుల గ్యాలరీకి వెళ్లొచ్చు. పెళ్లి జరుగుతున్నా అక్కడి నుంచి చర్చి మొత్తం కనబడుతుంది.

ఆ పైనుంచి కప్పును చూడాలి. పూలు, చతురస్రాలు, అంచుపట్టీలు అన్నీ చెక్కినట్టే పొడుచుకొచ్చి కనిపిస్తాయి. నిజానికి అంతా నున్నటి పూత మీద రంగే. 1875లో అల్బెరోనీ, డిబెల్లా అనే ఇద్దరు ఇటాలియన్లు వేశారు. కిందనుంచి చూస్తే నమ్మలేం. గ్యాలరీలో గోడ దగ్గరకు జరిగి పక్కనుంచి చూస్తే గుట్టు తెలుస్తుంది. నీడలన్నీ ఒకే వైపు పడుతుంటాయి, కిటికీ వెలుగు ఎటున్నా అవి మారవు. చర్చి 1587లో మొదలై 1607లో పూర్తయింది. భూకంపాలెన్నో తట్టుకోవడానికి కారణం గోడల మందం, దాదాపు మీటరున్నర. దానికి తోడు పక్కనున్న చిన్న ప్రార్థనాగదుల అడ్డుగోడలు ప్రధాన గోడకు దన్నుగా నిలుస్తాయి. భూకంపాలకు ఎడమ గంటగోపురం మాత్రం దెబ్బతింటే తీసేశారు, అందుకే ఇప్పుడు ఒక్క గోపురమే ఉంది. ఆ గంట మ్యూజియం వాకిట్లోనే ఉంది. లెగాస్పి సమాధి కూడా ఈ చర్చిలోనిదే. 1993లో యునెస్కో గుర్తించిన నాలుగు ఫిలిప్పీన్స్ చర్చిల్లో ఇదొకటి.

ఎదురుగానే కాసా మనీలా, సోమవారం సెలవు. ఇది స్పెయిన్ కాలంనాటి ఇంటికి నమూనాగా 1980లలో కట్టిన ఇల్లు, టికెట్టు దగ్గర ఎవరూ ఆ మాట చెప్పరు. అయినా చూడదగ్గదే. కింద రాయి, పైన కొయ్య. పై అంతస్తు రాతిదైతే భూకంపానికి నెత్తిన పడుతుంది కాబట్టి అలా కట్టేవారు. కిటికీలకు గాజు బదులు పలుచటి ముత్యపు చిప్పలు అమర్చారు, వెలుగు వస్తుంది, వేడి రాదు. కేథడ్రల్‌కు పది నిమిషాలు చాలు, ఇప్పటి కట్టడం 1958లో పూర్తయిందే.

మన తెలుగువాళ్లు తప్పక చూడాల్సింది మాత్రం నైరుతి మూల బురుజు, బలుఆర్తె దె శాన్ దియేగో. 1762లో ఇంగ్లీషు ఓడలు మద్రాసు నుంచే బయలుదేరాయి, సిపాయిలతో సహా. సెప్టెంబరులో మనీలా అఖాతం చేరి, ఈ బురుజు పక్కన గోడను ఫిరంగులతో బద్దలుకొట్టి, అక్టోబరు 6న ఊరు పట్టుకున్నారు. 1764లో వదిలి వెళ్లిపోయేటప్పుడు చాలామంది సిపాయిలు వెనక్కి రాలేదు. మనీలాకు తూర్పున కైంతాలో స్థిరపడి, అక్కడి ఆడపిల్లల్ని పెళ్లి చేసుకున్నారు. వాళ్ల వారసులు ఇప్పటికీ ఉన్నారు. కొనుక్కున్న టూర్లలో ఈ కథ చెప్పేవాళ్లు అరుదు. మా గైడుకు ఊరి మొత్తం చరిత్ర తెలుసు, ఇది మాత్రం మేమే చెప్పాం, ఆమె నోట్‌బుక్కులో రాసుకుంది.

మళ్లీ వెళ్లేవాళ్లకు వరస ఇలా పెట్టుకోమంటాను: ఎనిమిదింటికి కోట, పదింటికి నడిచి శాన్ అగుస్తిన్ మ్యూజియం, పన్నెండు లోపు బయటికి. భోజనం తర్వాత కాసా మనీలా. ఎండ తగ్గాక శాన్ దియేగో, మూసేలోపు గంట సమయం ఉండేలా చూసుకోండి. బురుజు నుంచి గోడ మీదే కొంతదూరం నడవొచ్చు, కిందికి చూస్తే గోల్ఫ్ మైదానం కనబడుతుంది. అది ఒకప్పటి కందకం, అమెరికన్ల కాలంలో పూడ్చేశారు. తిరుగు ప్రయాణానికి గ్రాబ్ కారు (మన ఓలా, ఉబర్ లాంటిదే) పిలిచేది గోడ బయటికి వచ్చాక. లోపలి ఒంటిదారి వీధుల్లో డ్రైవరు మిమ్మల్ని వెతుక్కోవడానికే పావుగంట పడుతుంది.