వెనిస్‌లో తిరగడం: వంతెనలు, లాంచీలు, సూట్‌కేసు

వెనిస్‌లో గది బుక్ చేసేటప్పుడు చాలామంది స్టేషన్ నుంచి ఎన్ని మీటర్లో చూస్తారు. అసలు చూడాల్సింది మధ్యలో ఎన్ని వంతెనలున్నాయో. ఊళ్లో నాలుగు వందలకు పైగా ఉన్నాయి, దాదాపు అన్నిటికీ ఎక్కడానికీ దిగడానికీ మెట్లే. నిండు సూట్‌కేసు, పక్కన మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు ఉంటే అర కిలోమీటరు దూరమే అరగంట తినేస్తుంది. డబ్బు కట్టే ముందే గది అద్దెకిచ్చేవాళ్లకు మెసేజ్ పెట్టి దగ్గరి పడవ రేవు పేరు, అక్కణ్ణుంచి గుమ్మం దాకా ఎన్ని వంతెనలు, ఇల్లున్న సందు పేరు అడగండి.

సందు పేరు లేకపోతే ఇల్లు దొరకదు. ఊరు ఆరు పేటలు: కన్నరేజో, కాస్తెల్లో, సాన్ మార్కో, దోర్సొదూరో, సాన్ పోలో, సాంతా క్రోచె. ఇంటి నంబర్లు వీధివారీగా కాదు, పేట మొత్తానికీ వరసగా నడుస్తాయి. కాస్తెల్లోలో అవి ఆరు వేలు దాటతాయి. పేట పేరు, నంబరు మాత్రమే చేతిలో ఉంటే ఎక్కడని వెతుకుతారు? ఫోన్ మ్యాపునూ పూర్తిగా నమ్మలేం. ఎత్తయిన గోడల మధ్య సందుల్లో మన నీలం చుక్క గెంతి కాలువ అవతల పడుతుంది. గోడల మీద తెల్లటి చట్రంలో నల్లక్షరాలతో సందు పేరు రాసి ఉంటుంది, దాన్ని చూసుకోండి. రియాల్తో, సాన్ మార్కో, ఫెర్రోవియా (రైల్వే స్టేషన్) వైపు పసుపు బోర్డులు దారి చూపిస్తాయి. ఒక్కోచోట సాన్ మార్కోకి ఎడమకూ కుడికీ రెండు బాణాలుంటాయి. కంగారు పడక్కర్లేదు, రెండు దారులూ చేరుస్తాయి.

రైల్లో వచ్చేవాళ్లు దిగాల్సింది వెనేజియా సాంతా లూచియాలో. దానికి ముందొచ్చే వెనేజియా మెస్త్రె నేల మీది ఊరు, అక్కణ్ణుంచి సముద్రం మీది వంతెన దాటి పది పన్నెండు నిమిషాలు. లోకల్ రైలుకు కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందే ప్లాట్‌ఫాం దగ్గరి మెషీన్‌లో ముద్ర వేయించాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానాయే. బస్సులు, కార్లు పియాజ్జాలె రోమా దాకానే. ఆ తర్వాత నడక, లేదా నీళ్లు.

నీళ్లంటే వపొరెట్టో, మన గోదావరి లాంచీలాగా జనమంతా ఎక్కే పడవ. ఒక్క టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలు పనిచేస్తుంది. 24 గంటల పాస్ 25, 48 గంటలది 35, 72 గంటలది 45 యూరోలు. అంటే ఒక రోజులో మూడు విడి టికెట్లు కొనాల్సి వస్తే పాసే చవక. పాస్ గంటలు మొదటిసారి మెషీన్‌కి తాకించినప్పటి నుంచే మొదలవుతాయి. కాబట్టి వచ్చిన రోజు సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే మర్నాడు నాలుగింటి దాకా వాడుకోవచ్చు. ఎక్కే ప్రతిసారీ తాకించాలి. మామూలు పాస్ విమానాశ్రయం బస్సుకు చెల్లదు.

సామాను దగ్గర ఒక మెలిక ఉంది. టికెట్‌తో పాటు ఒక పెట్టె ఉచితం, కానీ పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 150 సెంటీమీటర్లు దాటకూడదు. విమానాల్లో సాధారణంగా ఒప్పుకునే కొలత 158. మనవాళ్లు తెచ్చే అతి పెద్ద సూట్‌కేసు సరిగ్గా ఆ తేడాలోనే ఇరుక్కుంటుంది.

1వ నంబరు లాంచీ గ్రాండ్ కెనాల్ (ఊరి పెద్ద కాలువ) పొడవునా దాదాపు ప్రతి రేవులోనూ ఆగుతుంది, స్టేషన్ నుంచి సాన్ మార్కోకి ముప్పావుగంట. 2వ నంబరు తక్కువచోట్ల ఆగుతుంది. 4.1, 4.2 ఊరి చుట్టూ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి, 5.1, 5.2 కూడా అంతే. పెద్ద రేవుల్లో ఒక్కో దిశకూ ఒక్కో తేలే వేదిక, దానికో అక్షరం ఉంటాయి. నంబరుతో పాటు పడవ చివరికి ఎక్కడికెళ్తుందో చదవకుండా ఎక్కితే వెనక్కి పోతారు. బురానో దీవికి ఫొందమెంతె నోవె రేవు నుంచి 12వ నంబరు, ముప్పావుగంట దాకా పడుతుంది. పగలు తిరిగొచ్చే వరస పొడుగ్గా ఉంటుంది, పొద్దున్నే వెళ్లడం మేలు.

గొండోలాకి నగరం పెట్టిన ధర పగలు అరగంటకు 90 యూరోలు. అది మనిషికి కాదు, పడవకి. ఐదుగురి దాకా ఎక్కవచ్చు. గొండోలా ఎక్కామనిపించుకుంటే చాలనుకునేవాళ్లకు సాంతా సోఫియా దగ్గర గ్రాండ్ కెనాల్ దాటించే త్రగెట్టో (జనాన్ని కలిపి ఎక్కించుకునే రేవు గొండోలా) ఉంది, రెండు యూరోలు. నా లెక్కలో అదే మంచి బేరం.

పగటిపూట వచ్చి పోయేవాళ్లకు 2024 నుంచి కొన్ని ఎంచిన రోజుల్లో ప్రవేశ రుసుము ఉంది. 2025లో అలాంటివి 54 రోజులు. ముందుగా కడితే 5 యూరోలు, వెళ్లే తేదీ దగ్గరపడ్డాక ఆఖరి రోజుల్లో కడితే 10. ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకానే వర్తిస్తుంది. మెస్త్రెలో రాత్రి ఉన్నా మినహాయింపే, ఎందుకంటే అదీ వెనిస్ నగరపాలికే. అయినా వెబ్‌సైట్‌లో నమోదు చేసి క్యూఆర్ కోడ్ తీసుకోవాలి. పక్క ఊరు పాదువాలో హోటల్ తీసుకుంటే మాత్రం కట్టాల్సిందే.

నవంబరు, డిసెంబరుల్లో వెళ్తే పోటు అంచనా చూసుకోండి. 110 సెంటీమీటర్లు దాటుతుందనుకుంటే మోజె గేట్లు లేపి సముద్రాన్ని ఆపుతారు. 2020 అక్టోబరు నుంచి ఈ గేట్లు వాడుతున్నారు. దానికి తక్కువైతే గేట్లు లేవకపోవచ్చు. సాన్ మార్కో చౌకం ఊళ్లో అతి పల్లమైన చోట్లలో ఒకటి కాబట్టి 80, 90 దగ్గరే నీళ్లొస్తాయి. అప్పుడు బల్లలు పరిచి దారి చేస్తారు. వాటి మీద కుడివైపు నడవండి, ఫొటో కోసం ఆగకండి, వెనక వరసంతా ఆగిపోతుంది.