చీటీ వచ్చేలోపు ప్యాచ్ మారాలి

మిడి కంట్రోలర్‌ని, అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే మిడి భాషలో సందేశాలు పంపే కీబోర్డుని, ల్యాప్‌టాప్‌కి కలిపి లైవ్‌లో వాయించడం ఎలాగో చెప్పే వీడియోలు చాలా చూశాను. అందరిదీ దాదాపు ఒకటే పాఠం: పాటకో ప్యాచ్ (ముందే సిద్ధం చేసి పెట్టుకున్న సౌండ్) చేసుకోండి, ప్రోగ్రామ్ వరసలో పేర్చుకోండి, పాట మారినప్పుడల్లా పెడల్ తొక్కుతూ ముందుకెళ్లండి. వాళ్ల ఊళ్లలో ప్రోగ్రామ్ అలాగే జరుగుతుందేమో. తెనాలి చుట్టుపక్కల పెళ్లి రిసెప్షన్‌లో ఆ వరస మూడో పాట దాటదు. పెళ్లికూతురి మేనమామ దగ్గర్నుంచి ఫలానా పాట వాయించమని చీటీ వస్తుంది. అది చదివేలోపు ఎవరో పెద్దాయన స్టేజి ఎక్కుతారు, పాట ఆపి ఆయనకి మ్యూజిక్ వేయాలి. ఈలోగా కేక్ కటింగ్ అంటారు. గణపతి నవరాత్రుల పందిరైతే మరీను. నచ్చిన పాటకి "వన్స్‌మోర్" అని అరుస్తారు. పద్యనాటకాలు చూసి పెరిగిన ఊరు కదా, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది!

అందుకే నా సెటప్‌లో పాటల పేర్లే లేవు. ఎనిమిది ప్యాచ్‌లున్నాయి. కంట్రోలర్ మీద ఎనిమిది ప్యాడ్లున్నాయి, అంటే వేలితో కొట్టే మీటలు. ఏ ప్యాడ్‌కి ఏ సౌండ్ అన్నది ఎప్పుడూ మారదు. మొదటిది పియానో, వెనక స్ట్రింగ్స్. మూడోది కుడిచేతికి ఫ్లూట్, ఎడమచేతికి వెనక నిలిచి మోగే మెత్తటి సౌండ్. నాలుగు నాదస్వరం, ఐదు వీణ. ఎనిమిదోది హార్మోనియం, తంబురా. మిగతావి ఎలక్ట్రిక్ పియానో, బ్రాస్, సింథ్ లీడ్. ఏ చీటీ వచ్చినా ఈ ఎనిమిదింటితో గట్టెక్కొచ్చు. వందల సౌండ్లున్న సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఎనిమిదే వాడటం ఏమిటని మా డ్రమ్మర్ వెక్కిరిస్తాడు. స్టేజి మీద వెతుక్కోవాల్సి వచ్చిన సౌండ్ నాకు లేనట్టే లెక్క.

నా దగ్గరున్న సామాను ఇది: సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్, 61 కీల కంట్రోలర్, రెండు అవుట్‌పుట్లున్న చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (ల్యాప్‌టాప్ సౌండ్‌ని బయటికి పంపే పెట్టె), సస్టెయిన్ పెడల్ (తొక్కి ఉంచితే నోటు నిలిచి మోగుతుంది), ఎక్స్‌ప్రెషన్ పెడల్, డీఐ బాక్స్ (ఆ సౌండ్‌ని మిక్సర్‌కి శుభ్రంగా అందించే పెట్టె). సాఫ్ట్‌వేర్ మెయిన్‌స్టేజ్. అది మ్యాక్‌లో మాత్రమే నడుస్తుంది. విండోస్ వాళ్లు ఏబుల్టన్ లైవ్, క్యాంటబైల్, గిగ్ పెర్ఫార్మర్ లాంటివి వాడుకోవచ్చు. పేర్లు వేరైనా కింద చెప్పేవన్నీ వాటిలోనూ ఏదో ఒక రూపంలో ఉంటాయి.

కొత్తగా కొన్నవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది, కంట్రోలర్‌లో సౌండ్ ఉండదు. కీ నొక్కితే అది "60వ నోటు, ఇంత బలంగా" అని ఒక చిన్న సందేశం పంపుతుంది, అంతే. సౌండ్ పుట్టేది ల్యాప్‌టాప్‌లో. ఈ సంగతి పట్టుకుంటే సెటప్ ఎలా కట్టుకోవాలో దానంతటదే తేలుతుంది. కంట్రోలర్‌కి తెలివి ఇవ్వకూడదు. స్ప్లిట్‌లు (కీలని రెండు భాగాలు చేసి చెరో సౌండ్ ఇవ్వడం), ట్రాన్స్‌పోజ్ (అవే కీలతో శ్రుతిని పైకో కిందికో జరపడం), లేయర్లు (కలిపి వాడే విడివిడి సౌండ్లు) చాలా కంట్రోలర్లలోనే ఉంటాయి. నేను ఒక్కటీ ముట్టుకోను. అన్నీ సాఫ్ట్‌వేర్‌లోనే పెడతాను. కంట్రోలర్ పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు, అందులో దాచుకున్న సెట్టింగులు పోతే అప్పటికప్పుడు స్టేజి మీద కూర్చుని రాసుకోలేం.

మెయిన్‌స్టేజ్‌లో నాకు బాగా నచ్చింది ఇక్కడే. అందులో ఫేడర్ (కంట్రోలర్ మీద పైకీ కిందికీ జరిపే జారుడు మీట) నేరుగా సౌండ్‌కి తగలదు. ముందు లేఅవుట్ అనే చోట తెర మీద ఒక బొమ్మ ఫేడర్ పెట్టి, "ఇది నా కంట్రోలర్‌లోని ఫలానా ఫేడర్" అని నేర్పుతాం. తర్వాత ప్యాచ్‌లో ఆ బొమ్మ ఫేడర్‌ని వాల్యూమ్‌కో రివర్బ్‌కో (హాల్లో మార్మోగినట్టు వినిపించే ఎఫెక్ట్) కలుపుతాం. కంట్రోలర్ మారితే లేఅవుట్‌లో నేర్పింది మళ్లీ నేర్పితే చాలు, ప్యాచ్‌ల జోలికి పోనక్కర్లేదు. ఏబుల్టన్‌లో రాక్ అనే సౌండ్ల కట్టకుండే మ్యాక్రో నాబ్‌లతో ఇలాంటి ఏర్పాటే చేసుకోవచ్చు.

ప్యాడ్‌లు ప్రోగ్రామ్ ఛేంజ్, అంటే "ఈ నంబరు ప్యాచ్‌కి మారు" అనే మిడి సందేశం, పంపేలా పెట్టాను. ఒకటో ప్యాడ్ కొడితే రెండో ప్యాచ్ వస్తోందంటే కంగారు పడక్కర్లేదు. లోపల ఆ నంబర్లు 0 నుంచి 127 వరకు. కొన్ని పరికరాలు వాటినే 1 నుంచి 128 అని చూపిస్తాయి. ఒకటి తగ్గించి రాసుకుంటే సరి.

ఇక శ్రుతి. మన ప్రోగ్రాముల్లో అసలు పరీక్ష ఇదే. గాయకుడు ఒకటిన్నర అంటాడు, ఆ వెంటనే వచ్చే గాయని ఐదున్నర అంటుంది. అంటే సి షార్ప్ నుంచి జి షార్ప్‌కి. అన్ని స్కేళ్లలోనూ వాయించగలిగితే గొప్పే, నేనూ చాలావరకు వాయిస్తాను. కానీ చీటీ మీద వచ్చిన పాటని, రిహార్సల్ లేకుండా, నల్ల కీలన్నీ తగిలే స్కేల్లో ఎత్తుకోవడం కంటే ట్రాన్స్‌పోజ్ నొక్కడం మేలు. ఇందులో నామోషీ ఏమీ లేదు. మా నాన్న పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆయన పెట్టె స్కేల్ ఛేంజర్. కృష్ణుడు దిగి దుర్యోధనుడు ఎక్కేలోపు కీల పలకని పక్కకి జరిపేసేవారు, వేళ్లు మాత్రం అలవాటైన చోట్లలోనే తిరిగేవి. నేను చేసేదీ అదే.

కానీ ట్రాన్స్‌పోజ్ ఎక్కడ నొక్కుతున్నామన్నది ముఖ్యం. కంట్రోలర్ మీదున్న బటన్ నొక్కితే కీ నంబర్లే మారిపోయి బయటికి వెళతాయి. నా ఫ్లూట్ ప్యాచ్‌లో మధ్య సి దగ్గర స్ప్లిట్ ఉందనుకోండి. మూడు సెమీటోన్లు (పక్కపక్క కీల మధ్య దూరం ఒక సెమీటోను) పెంచగానే ఆ సి కింద ఉన్న మూడు కీలు గోడ దాటి ఫ్లూట్ వైపుకి వచ్చేస్తాయి. ఎడమచేతి కార్డ్‌లో పై నోటు హఠాత్తుగా ఫ్లూట్ అయి కూస్తుంది. కీల మీద తబలా, డప్పు శాంపిల్స్ (రికార్డు చేసిన దెబ్బలు) పెట్టుకున్నవాళ్లకి ఇంకా ఘోరం, 'ధా' కొట్టబోతే 'తిట' మోగుతుంది. మెయిన్‌స్టేజ్‌లో కాన్సర్ట్ (ప్యాచ్‌లన్నీ ఉండే ఫైలు) మొత్తానికీ వర్తించే ట్రాన్స్‌పోజ్ ఉంది. తాళవాద్యాల లేయర్‌కి అది తగలకుండా ఆపే టిక్కు కూడా ఉంది. ఇప్పుడెంతలో ఉన్నానో తెర మీద పెద్ద అంకెల్లో కనిపించేలా పెట్టుకున్నాను. పాట అవగానే సున్నాకి తెస్తాను. తేకపోతే పక్కనున్న బేస్ గిటార్ అన్నయ్య చూసే చూపు మామూలుగా ఉండదు.

గమకం సంగతి వీడియోల్లో ఎవరూ చెప్పరు, వాళ్లకి అవసరం లేదు మరి. పిచ్ బెండ్ చక్రం మామూలుగా పైకి రెండు, కిందికి రెండు సెమీటోన్లు వంచుతుంది. ఫ్లూట్‌కి అది చాలు. వీణకి నేను నాలుగు పెడతాను, తీగ లాగి పలికించే జారుకి రెండు సరిపోవు. నాలుగు పెడితే చక్రం కొంచెం కదిలినా ఎక్కువ వంగుతుంది, చెయ్యి కుదరడానికి సాధన కావాలి. కానీ మిడిలో బెండ్‌కి 16,384 అంచెలున్నాయి, వాల్యూమ్ లాంటి మామూలు కంట్రోల్స్‌కి 128 మాత్రమే. కాబట్టి నాలుగు పెట్టినా స్వరం మెట్లుమెట్లుగా వినపడదు, జారుతూనే ఉంటుంది.

ఒక చిక్కుంది. బెండ్ ఆ మిడి చానెల్‌లో (సందేశాలు వెళ్లే దారి) మోగుతున్న నోట్లన్నిటినీ కలిపి వంచుతుంది. కుడిచేత్తో ఫ్లూట్‌కి గమకం ఇస్తుంటే ఎడమచేతి సౌండ్ కూడా తాగినట్టు ఊగుతుంది. అందుకే ప్రతి ప్యాచ్‌లోనూ ఎడమచేతి లేయర్‌కి పిచ్ బెండ్ అందకుండా ఫిల్టర్ పెడతాను. అలాగే ఫ్లూట్, నాదస్వరం లేయర్లకి సస్టెయిన్ పెడల్ అందదు. పీపీ వాయించేవాళ్లకి ఊపిరి ఒకటే, రెండు స్వరాలు ఒకదాని మీద ఒకటి నిలబడితే ఆ భ్రమ పోతుంది. ఇవి రెండూ చేశాక సౌండ్ లైబ్రరీ మార్చకుండానే "కొత్త కీబోర్డా అక్కా?" అని అడిగినవాళ్లున్నారు.

ఫేడర్లు మూడే వాడతాను: కుడిచేతి సౌండ్, ఎడమచేతి సౌండ్, రివర్బ్. పాట నడుస్తుండగా ప్యాచ్ మార్చి ఫేడర్ ముట్టుకుంటే వాల్యూమ్ ఒక్కసారి దూకే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఫేడర్ ఉన్న చోటు ఒకటి, కొత్త ప్యాచ్‌లోని విలువ ఇంకొకటి. దీనికి పికప్ అనే పద్ధతి ఉంది. ఫేడర్ ఆ విలువని తాకేదాకా ఏమీ మారదు. ఏబుల్టన్‌లో ఇది టేకోవర్ మోడ్ అనే సెట్టింగులో ఉంటుంది. ఇంకోటి, ప్యాచ్‌లన్నీ ఒకే మట్టానికి తెచ్చుకోవాలి. పియానో నుంచి నాదస్వరానికి మారగానే మిక్సర్ దగ్గర కుర్రాడు ఉలిక్కిపడి నా చానెల్ తగ్గించేశాడంటే, తర్వాత పియానోకి మారినప్పుడు మళ్లీ పెంచడు. ఫంక్షన్ హాళ్లలో సౌండ్ ఎక్కువగా మోనోయే, అంటే అన్ని స్పీకర్లలోనూ ఒకటే. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో అటూ ఇటూ తిరిగే ఎలక్ట్రిక్ పియానో అక్కడ ఊరికే పెరిగీ తగ్గీ వినిపిస్తుంది. నేను ఇంట్లోనే మోనో చేసి విని ప్యాచ్ ఖాయం చేస్తాను.

లేటెన్సీ (కీ నొక్కాక సౌండ్ వినపడేదాకా పట్టే ఆలస్యం) మీద గ్రూపుల్లో పెద్ద యుద్ధాలే జరుగుతుంటాయి. 44.1 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిల్స్ బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కో విడతలో తయారుచేసి పంపే సౌండ్ ముక్క) అంటే 2.9 మిల్లీసెకండ్లు. పరికరాలు ఇంకొంచెం కలుపుతాయి. శబ్దం గాలిలో ఒక మీటరు రావడానికి దాదాపు మూడు మిల్లీసెకండ్లు పడుతుంది. మోనిటర్ స్పీకర్‌ని రెండు మీటర్ల అవతల పెట్టుకుని, 128 ఎక్కువ, 64 కావాలని కొట్టుకోవడం నాకు అర్థం కాదు. స్పీకర్‌ని దగ్గరకి జరుపుకోండి. విండోస్ వాళ్లు మాత్రం ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన ఏషియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే చిన్న సాఫ్ట్‌వేర్) తప్పకుండా వేసుకోవాలి. అది లేకుండా వచ్చే ఆలస్యం చేతికి స్పష్టంగా తెలుస్తుంది.

నాకు అసలు భయం ఎండాకాలం. ఎం1 ఎయిర్‌లో ఫ్యాన్ లేదు. వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు సౌండ్‌లో టపటపలు మొదలవుతాయి. ఆపిల్ వాళ్లు దాన్ని 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటారు. మే నెల ముహూర్తాలకి మా గుంటూరు వైపు సాయంత్రం షామియానా కింద 35 అంటే చల్లగా ఉన్నట్టు. అందుకని వేసవిలో బఫర్ 256 పెడతాను, ల్యాప్‌టాప్ కింద గాలి ఆడేలా స్టాండు, మీద ఫోకస్ లైటు పడని చోటు. ఎక్కువ శాంపిల్స్ మింగే పియానోని ప్రతి ప్యాచ్‌లోనూ విడిగా ఎక్కించకుండా ఒక చోట పెట్టి మిగతా చోట్ల ఎలియాస్‌గా (ఇంకో కాపీ కాకుండా, అదే సౌండ్‌ని వాడే గుర్తుగా) అతికిస్తాను. మెమరీ 8 జీబీయే, అది కలిసొస్తుంది.

జనరేటర్ కరెంటు మీద ఛార్జర్ పెట్టి వాయిస్తే స్పీకర్లలో ఝుమ్మని ఒకటే రొద. డీఐ బాక్స్ మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో కేబుల్‌లోని గ్రౌండ్‌ని మాత్రమే విడదీసే స్విచ్) నొక్కితే చాలాసార్లు పోతుంది. పోకపోతే ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద వాయిస్తాను. ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరిచేసే పెద్దమనుషులు కొందరున్నారు. రొద పోతుంది నిజమే, షాక్ కొడితే మనిషే పోవచ్చు. ఆ పని చేయనివ్వకండి.

మిగతావి చిన్న జాగ్రత్తలు. వైఫై, నోటిఫికేషన్లు, స్లీప్ ఆపేయాలి. యూఎస్‌బీ కేబుల్‌ని స్టాండు కాలికి ఒక చుట్టు చుట్టాలి, ఎవరి కాలైనా తగిలితే లాగుడు స్టాండు మీద పడుతుంది, పోర్టు మీద కాదు. సస్టెయిన్ పెడల్ మీద కాలు పెట్టి కంట్రోలర్ స్విచ్ వేయకూడదు. చాలా కంట్రోలర్లు ఆన్ అయ్యే క్షణంలో పెడల్ ఏ స్థితిలో ఉంటే దాన్ని 'వదిలినట్టు' అనుకుంటాయి, ఇక ప్రోగ్రామంతా తలకిందులే. ఏదైనా నోటు ఆగకుండా మోగుతూ ఉండిపోతే పానిక్ బటన్, మోగుతున్న నోట్లన్నిటినీ ఆపేస్తుంది. అది ప్యాడ్‌లకి దూరంగా, వేలు పొరపాటున తగలని మూల పెట్టాను.

కంట్రోలర్ చచ్చిపోతే? ఏ ఆర్కెస్ట్రాలోనైనా ఇంకో కీబోర్డు ఉంటుంది, రెండో కీబోర్డిస్టుదో పక్క టీముదో. మిడి 1983 నాటిది. ఆ ఏడాది జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ అనే సంగీత వాయిద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ ప్రాఫెట్-600ని, రోలాండ్ జూపిటర్-6ని కలిపి చూపించారు. రెండు వేర్వేరు కంపెనీల వాయిద్యాలు. అప్పటి భాషే ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి, ఎంత పాత కీబోర్డైనా మిడి అవుట్ గానీ యూఎస్‌బీ గానీ ఉంటే నాకు పనికొస్తుంది. గుండ్రటి అయిదు పిన్నుల మిడి కేబుల్, దాన్ని యూఎస్‌బీకి మార్చే తీగ ఎప్పుడూ సంచిలో ఉంటాయి.

అయితే రిథమ్‌లుండే అరేంజర్ కీబోర్డు తగిలిస్తే ఒకటి చూసుకోవాలి. అవి కుడిచేతి సౌండ్‌ని ఒక చానెల్ మీద, లేయర్‌ని ఇంకో చానెల్ మీద, ఎడమచేతిని మరోదాని మీద పంపుతుంటాయి. సాఫ్ట్‌వేర్ అన్ని చానెళ్లూ వింటుంటే ఒక్కో నోటు రెండుసార్లు మోగుతుంది. ఆ కీబోర్డులో లేయర్, స్ప్లిట్, రిథమ్ ఆపేసి, లేఅవుట్‌లో చానెల్ ఒకటి మాత్రమే వినమని చెప్పి, దాని సొంత వాల్యూమ్ పూర్తిగా తగ్గించేయండి. ప్యాడ్‌లు లేకపోతే ప్యాచ్‌ని ల్యాప్‌టాప్‌లో బాణం కీలతో మార్చుకోవచ్చు. ఎనిమిదే కాబట్టి ఎటు నొక్కినా దగ్గరే.