బంతి రిఫరీ చేతికిచ్చి

పొద్దున్నుంచీ మంచు పడుతూనే ఉంది. నాన్న డెట్రాయిట్‌కి వచ్చి నెలన్నర అయింది. వాకింగ్ లేక ఆయనకి కాళ్ళు కట్టేసినట్టుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు బ్యారీ శాండర్స్ పాత ఆటలు పెట్టాను. పదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను కదా, అతను ఆడిన ఇక్కడి జట్టు లయన్స్ పిచ్చి నాకూ అంటుకుంది.

రూల్స్ చెప్పబోతే నాన్న వద్దన్నారు. "కూతకెళ్ళినవాణ్ణి చూస్తే తెలియదా ఏంట్రా?" చిన్నప్పుడు ఆయన ఊళ్ళో పేరున్న కబడ్డీ ఆటగాడు.

నిజమే, బ్యారీ లాంటి రన్నింగ్ బ్యాక్ పనీ అలాంటిదే. ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ అందించిన బంతిని పొట్టకి హత్తుకుని, పడగొట్టడానికి మీదికొచ్చే పదకొండుమందిని తప్పించుకుంటూ ముందుకి పోవాలి. బ్యారీ ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలే. ఎడమకి వెళ్తున్నట్టే వెళ్ళి, కాలు ఆనించి టక్కున ఆగుతాడు. పట్టుకోబోయినవాళ్ళు ఖాళీ గడ్డి మీద బోర్లా పడతారు. 1989 నుంచి పది సీజన్లు ఆడితే ఒక్కదాంట్లోనూ బంతితో పరిగెత్తిన దూరం వెయ్యి గజాలకి తగ్గలేదు. 1997లో మొదటి రెండు ఆటల్లో కలిపి 53 గజాలే చేశాడు. ఆ తర్వాత వరుసగా 14 ఆటల్లో వందకి తగ్గకుండా చేసి, సీజన్‌ని 2,053తో ముగించాడు. ఈ అంకెలు నేను ఊగిపోతూ చెబుతుంటే నాన్న ఊఁ కొడుతున్నారు.

ఒకచోట మాత్రం "మళ్ళీ పెట్టు" అన్నారు. పరుగు కోసం కాదు. బంతితో చివరి గీత దాటి టచ్‌డౌన్ చేశాక బ్యారీ గంతులు వేయడు, బంతిని నేలకేసి కొట్టడు. పక్కనున్న రిఫరీ చేతికిచ్చి వెళ్ళిపోతాడు. నాన్న దాన్నే మూడుసార్లు చూశారు.

మొదటి సీజన్ చివరి ఆటలో ఇంకో 11 గజాలు పరిగెడితే ఆ ఏడాది పరుగు గజాల్లో లీగ్‌లో అతనిదే అగ్రస్థానం. జట్టు ఎలాగూ గెలుస్తోందని అతను మళ్ళీ మైదానంలోకి వెళ్ళలేదు. 1999 జులైలో, ముప్ఫై ఒక్క ఏళ్ళకే, విచిటాలోని సొంతూరి పత్రికకి ఒక ఫ్యాక్స్ పంపి ఆట మానేశాడు. మొత్తం కెరీర్‌లో అత్యధిక పరుగు గజాలు చేసిన వాల్టర్ పేటన్ రికార్డుకి 1,457 గజాల దూరంలో ఉన్నాడప్పుడు. అంతకుముందు సీజన్లో చేసినవి 1,491. ఇంకొక్క ఏడాది ఆడితే సరిపోయేది! నాకిప్పటికీ మనసొప్పదు.

ఆడాలన్న కోరిక కన్నా మానేయాలన్న కోరిక ఎక్కువైందని అతను రాసిన సంగతి చెప్పాను. నాన్న కాసేపు కిటికీలోంచి మంచు చూస్తూ ఉండిపోయారు.

రిటైర్మెంట్‌కి ఇంకా రెండేళ్ళుండగా ఆయన బడి ఉద్యోగం వదిలేశారు. సన్మానం చేస్తామంటే వద్దన్నారు. నేనప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు. ఫీజుల టెన్షన్‌లో ఆయన మీద కోపం పెంచుకున్నానే గానీ, ఎందుకు మానేశారని ఎప్పుడూ అడగలేదు. ఇవాళ అడిగాను.

"పాఠం చెబుతుంటే గడియారం వైపు చూడటం మొదలెట్టానురా. పిల్లలు కనిపెట్టేశారు."

ఇద్దరం టీ తాగాం. మంచు తగ్గాక లయన్స్ స్టేడియం ఫోర్డ్ ఫీల్డ్ దగ్గర 2023లో పెట్టిన బ్యారీ విగ్రహం చూపిస్తానన్నాను.

"అందులో బంతి చేతిలోనే ఉందా?"

"ఉంది నాన్నా. పరిగెడుతున్నట్టే చేశారు."