కోరింగ మడ అడవికి ఏ వేళకు వెళ్ళాలి?

కాకినాడ నుంచి యానాం వైపు సుమారు 20 కిలోమీటర్లు వెళ్తే కోరింగ అభయారణ్యం వస్తుంది. చాలామంది భోజనాలయ్యాక తీరిగ్గా వచ్చి, చెక్కవంతెన మీద ఫొటోలు దిగి, "చెట్లు తప్ప ఏమీ లేవు" అని పోతారు. సముద్రం పోటు మీదుండి అడవిలోకి నీరు ఎక్కినప్పుడు వస్తే అంతే మరి. బురద మీద తిరిగేవన్నీ అప్పుడు బొరియల్లో ఉంటాయి.

కాకినాడ పోటుపాట్ల వేళలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నీరు పూర్తిగా తీయడానికి రెండు గంటల ముందే లోపల ఉండాలి. పోటు రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, పోయిన వారం వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పిన వేళ పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు నీరు బాగా తీస్తుంది. పడవ షికారుకు మాత్రం నీరుండాలి. రెండూ కావాలంటే ముందు నడక, నీరు ఎక్కాక పడవ.

వంతెన మీద అడుగుల అదురుకే పీతలు, బురద మీద గెంతే మడ్‌స్కిప్పర్ చేపలు మాయమవుతాయి. ఒకచోట పది నిమిషాలు కదలకుండా నిలబడండి. ఒక డెక్క పెద్దగా ఉండి దాన్ని ఊపుతూ కనిపించేవి మగ ఫిడ్లర్ పీతలు. నీటిపిల్లి (చేపలు పట్టే అడవి పిల్లి, ఫిషింగ్ క్యాట్) రాత్రి జంతువు, పగలు దాని కోసం వెతకడం వృథా; అడుగులు చూడండి. నాలుగు వేళ్ళుంటే పిల్లి, అయిదుంటే నీటికుక్క (ఆటర్). నీటిపిల్లి గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, అందుకే మెత్తటి బురదలో గోటి గుర్తు కనిపించినా ఊరకుక్క అనేసుకోవద్దు. వలస పక్షులకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం.

చెట్లను వేళ్ళను బట్టి పోల్చుకోవడం తేలిక. పెన్సిళ్ళలా బురదలోంచి నిలువుగా లేచినవి మడ చెట్టు ఊపిరి వేళ్ళు. దాని ఆకు మీద ఉప్పు పొడి కనిపిస్తుంది, ఒంట్లో చేరిన ఉప్పును ఆకుల గుండానే బయటికి పంపేస్తుంది మరి. కాండం నుంచి వంగి నేలకు దిగిన ఊతవేళ్ళుంటే పొన్న. దాని విత్తనం చెట్టు మీదుండగానే మొలకెత్తి కిందికి వేలాడుతుంది.

రాలబోయే ఆకులు ఎర్రబడి అందంగా కనిపించే చెట్టు తిల్ల. దాని కొమ్మ విరవొద్దు, పిల్లల్ని ముట్టుకోనివ్వొద్దు. పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వెంటనే మంచినీళ్ళతో చాలాసేపు కడిగి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.