అటక మీది ట్రంకు పెట్టె

ఆదివారం

పొద్దున్న ఆరింటికే ఉక్క. బాల్కనీలో తులసి ఆకు కూడా కదలడం లేదు. పేపరు తిరగేస్తే బంగాళాఖాతంలో అల్పపీడనం. విశాఖపట్నంలో దసరాకీ దీపావళికీ మధ్య ఈ వార్త చదవని ఏడు నాకు గుర్తు లేదు, అందుకని పేజీ తిప్పేశాను. అమ్మ మాత్రం కాఫీ గ్లాసు పక్కన పెట్టింది.

"ఎటేపు పోతాదంట?"

"ఒడిశా వైపు పోవచ్చంటున్నారు."

"అప్పుడూ అలాగే అన్నారు."

మా ఇంట్లో 'అప్పుడు' అంటే ఒక్కటే అప్పుడు. 2014 అక్టోబరు 12. అదీ ఆదివారమే. హుద్‌హుద్.

ఆవిడ అలా అన్నాక ఊరుకుంటే బాగోదని అటక మీంచి ట్రంకు పెట్టె దింపాను. మా ఆవిడ మనవడి కోసం హైదరాబాదులో ఉంది కాబట్టి కింద స్టూలు పట్టుకునే మనిషి లేదు. ఎనభై రెండేళ్ళ అమ్మే వచ్చి పట్టుకుంది. పట్టుకుందో, స్టూలుని ఆసరా చేసుకుందో చెప్పలేను.

ఆ పెట్టె నా గొప్ప. తుఫాను వెళ్ళిన నెలకి కొన్నాను. మూత మీద స్కెచ్ పెన్నుతో జాబితా రాసి పెట్టాను: బియ్యం 5 కిలోలు, కందిపప్పు 2, అటుకులు, బిస్కెట్లు, కొవ్వొత్తులు 2 డజన్లు, టార్చి, సెల్స్, రేడియో, క్లోరిన్ మాత్రలు, అగ్గిపెట్టెలు, తాడు, డబ్బు. అప్పట్లో ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేవాణ్ణి. కరోనా లాక్‌డౌన్‌లో ఒకసారి తీసి, తిండి సరుకంతా వాడేసి, కొత్తది నింపి మళ్ళీ పైకెక్కించాను. అంతే, ఇన్నేళ్ళూ దాని ముఖం చూడలేదు.

మూత తియ్యగానే ఒక వాసన. ముక్కిపోయిన పిండి, కర్పూరం, తుప్పు కలిపితే వచ్చే వాసన. బియ్యం కవరు అడుగున వేలెడు మందాన బూడిదలాంటి పొడి, పైన నల్లగా కదులుతున్న పురుగులు. కందిపప్పు బద్దలకి చిల్లులు. బిస్కెట్ ప్యాకెట్ తెరిచి వాసన చూసి మూసేశాను. వేసవిలో అటక కింద నిలబడితేనే మాడు మండుతుంది, మరి దాని మీద కొవ్వొత్తులు నిలుస్తాయా? రెండు డజన్లూ వంగి, ఒకదానికొకటి అతుక్కుని అరటి గెలలా అయ్యాయి. టార్చిలో సెల్స్ కారిపోయి స్ప్రింగుల మీద తెల్లటి ఉప్పు పేరుకుంది. క్లోరిన్ మాత్రల గడువు ఎప్పుడో తీరిపోయింది. బాగున్నది తాడొక్కటే.

అమ్మ వంగి చూసింది. "ఏటిరా ఇవి? మనకి దాచినావా, పురుగులకి పెట్టినావా?"

మూత లోపలివైపు టేపుతో అంటించిన కవరు ఒకటుంది. ఏటీఎంలు పనిచెయ్యక పడ్డ పాట్లు గుర్తుండి, ఆ రోజుల్లోనే అంటించి మరిచిపోయాను. చింపి చూస్తే నాలుగు అయిదువందల నోట్లు. పాతవి. 2016 నవంబరు 8 రాత్రి రద్దయిన నోట్లు. ఊరంతా బ్యాంకుల ముందు వరసల్లో నిలబడ్డప్పుడు, నేను కూడా నిలబడ్డప్పుడు, ఇవి మా నెత్తి మీద అటకెక్కి హాయిగా ఉన్నాయన్నమాట. బియ్యానికి పురుగు పడుతుందని తెలుసు. నోటుకీ పడుతుందని ఆ కవరు అంటించిన రోజున నాకు తట్టలేదు.

ఇంతకీ ఈ పెట్టెకి కారణమైన ఆ రోజులు.

పొద్దుటినుంచీ గాలి. కిటికీ రెక్కలు తాళ్ళతో కట్టి హాల్లో మధ్యన కూర్చున్నాం. మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎదురు ఫ్లాటాయన అయిపోయిందనుకుని స్కూటరు ఎలా ఉందో చూడ్డానికి కిందకి దిగాడు. తుఫాను కన్ను మా మీంచి పోతోందని మాకెవరికి తెలుసు? కాస్సేపటికి అటునుంచి వచ్చిన గాలి ఇటునుంచి వచ్చింది. ఆయన మెట్ల మీద పాక్కుంటూ పైకొచ్చాడు. అప్పటిదాకా నిలబడ్డ చెట్లు ఆ రెండో గాలికి పడ్డాయి. గంటకి 180 కిలోమీటర్ల వేగమని తరవాత చదివాం. మర్నాడు మేడ మీదకెక్కి చూస్తే కైలాసగిరి పచ్చదనం పోయి, కాలిపోయిన కొండలా గోధుమరంగులో ఉంది.

మా వీధికి కరెంటు ఎనిమిదో రోజున వచ్చింది. కరెంటు లేకపోతే దీపాలుండవనే అనుకుంటాం. ముందు పోయేది నీళ్ళు. బోరుంది, బోరులో నీళ్ళున్నాయి, ఎక్కించే మోటారుకి కరెంటు లేదు. మేడ మీది ట్యాంకు రెండో రోజు మధ్యాహ్నానికి గుడగుడలాడింది. తరవాత ఫోన్లు. తరవాత డబ్బు. అర లీటరు పాల ప్యాకెట్ యాభై రూపాయలిచ్చి కొన్నాను. పెట్రోలు కోసం మూడు గంటలు నిలబడ్డాను. మా ఆవిడ వారానికి సరిపడా రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టిన దోసెల పిండి మూడో రోజుకి గిన్నె మూత లేపుకుని బయటికొచ్చింది. గ్యాస్ సిలిండరు కూడా సరిగ్గా అప్పుడే అయిపోవాలా? అయిపోయింది.

కింద షెడ్డులో ఉండే వాచ్‌మన్ కుటుంబం రెండో రోజు సాయంత్రానికే మూడు ఇటికలు పెట్టి పొయ్యి వెలిగించారు. పడిపోయిన వేపకొమ్మలు పచ్చివి, పైగా తడిసినవి. కళ్ళు మండే పొగ. అయినా అన్నం ఉడికింది. ముందు మేం బియ్యం గిన్నె పట్టుకుని మొహమాటంగా దిగాం. మర్నాటికి పక్క ఫ్లాటువాళ్ళు, వాళ్ళ వెనకే ఇంకొకరు. చివరికి ఆ మూడు ఇటికల మీద పదకొండు ఇళ్ళ అన్నం వంతులవారీగా ఉడికింది. కూరలంటారా? మా అమ్మ ఆవకాయ జాడీ, ఊరమిరపకాయల డబ్బా, బూడిద గుమ్మడి వడియాలు. ఇరవై ఫ్లాట్ల బిల్డింగులో తన సరుకు అయిపోతోందని దిగులు పడకుండా, గర్వపడ్డ మనిషి ఆవిడొక్కతే.

అప్పుడు మాకు అక్కరకొచ్చినవేవీ తుఫాను కోసం దాచినవి కావు. రోజూ చెయ్యి పెట్టే డబ్బాల్లోవే. అది కళ్ళారా చూసిన నేను, నెల తిరక్కుండా వెళ్ళి చెయ్యి పెట్టని పెట్టె ఒకటి కొనుక్కొచ్చాను.

ఇవాళ పురుగు బియ్యం బయట పారబొయ్యబోతే అమ్మ ఆపింది. చాట తెమ్మంది. చెరిగి చూసి, "మనిషికి పనికిరాదు, పిట్టలకేద్దాం" అని మేడ మీద పోయించింది. పావురాలు నా పదేళ్ళ ముందుచూపుని పావుగంటలో ముగించాయి.

తరవాత వంటగదిలో కూర్చోబెట్టి క్లాసు తీసుకుంది. ఈ నెల సరుకుల్లో వచ్చిన కందిపప్పు పళ్ళెంలో పోసి, చిన్న చెంచాడు ఆముదం అరచేతిలో వేసుకుంది. కిలోకి అంతే. రెండు చేతులూ రుద్దుకుని పప్పులో దింపి, కింద నుంచి పైకి, పసిపిల్లకి ఒంటికి నూనె రాసినట్టు మెల్లగా కలిపింది. బద్ద బద్దకీ సన్నటి మెరుపొచ్చింది. "మెరవాల గాని జారకూడదు" అంది. నేను వేసిన రెండో కిలోకి జారింది. దాన్ని ఓ పూట గుడ్డ మీద ఆరబెట్టమంది. వండేముందు వేణ్ణీళ్ళతో కడిగితే వాసనా ఉండదు, జిడ్డూ ఉండదు.

బియ్యం ఎండలో పొయ్యబోతే మళ్ళీ కోప్పడింది. పప్పులకి ఎండ మంచిదే, బియ్యానికి కాదట. ఎండకి గింజ బీటలిచ్చి, ఉడికేటప్పుడు విరిగి నూకవుతుంది. నీడలో, ఫ్యాను గాలికి పరిస్తే పురుగు తనంతట తనే పోతుంది. డబ్బాలో ఎండుమిరపకాయలు నాలుగు, ఎండిన వేపాకు గుప్పెడు. చింతపండు గింజా ఈనే తీసి, ఉప్పు జల్లి, ఉండలు చేసి జాడీలో అదిమితే మళ్ళీ కొత్త పంట వచ్చేదాకా ఉంటుంది. నల్లబడితే పడుతుంది, పులుపెక్కడికి పోతుంది? ఇంక చోళ్ళు, అంటే రాగులు. పాలకొండ వైపు పుట్టిన మనిషి కాబట్టి చోళ్ళ మాటెత్తితే ఆవిడ గొంతు మారిపోతుంది. "గాదెలో వరికి పురుగు పట్టీసేది. చోళ్ళ జోలికి ఏదీ పోయేది కాదు. ఏళ్ళు ఏళ్ళు ఉండేవి." అంత చిన్న గింజలో పురుగుకి కాపురం చెయ్యడానికి చోటుండదని నా అనుమానం. రాగి పిండి ప్యాకెట్ కొని నిలవ చేస్తే మాత్రం ఈ లెక్క కుదరదు. పిండి పట్టించాక అదీ మామూలు పిండే, రెండు మూడు నెలల్లో ముక్కుతుంది.

మందుల సంగతి వేరుగా రాసుకోవాలి, ఎందుకంటే అప్పుడు నన్ను నిజంగా భయపెట్టింది అదొక్కటే. అమ్మ ఇన్సులిన్ తీసుకుంటుంది. ఫ్రిజ్ ఆగిపోయింది, షాపులు మూతబడ్డాయి. నేను సీసాలు పట్టుకుని ఐసు కోసం ఊరంతా తిరుగుదామనుకుంటుంటే, అమ్మ పక్కన కడుతున్న ఇంటి దగ్గర్నుంచి ఇసక తెప్పించింది. పెద్ద కుండలో తడి ఇసక, ఇసక మధ్యలో మట్టి ముంత, ముంతలో ప్లాస్టిక్ కవరులో చుట్టిన సీసాలు, పైన తడిగుడ్డ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇసక తడిపేవాళ్ళం. తరవాత డాక్టరుగారికి చెబితే నవ్వి, ఫ్రిజ్ లేనివాళ్ళకి తాము చెప్పేదీ అదేనన్నారు. ఐసులో పెట్టకపోవడమే మంచిదయిందట, ఇన్సులిన్ గడ్డకడితే మళ్ళీ పనికిరాదు. ఆ కుండ ఇప్పటికీ బాల్కనీలో ఉంది. దాంట్లో కలబంద పెరుగుతోంది.

మధ్యాహ్నం పక్క ఫ్లాటు కుర్రాళ్ళ గుమ్మం ముందు డెలివరీ సంచీ. పావుకిలో పప్పు, ఒక ఉల్లిపాయ. నిజంగా ఒక్కటే ఉల్లిపాయ. పది నిమిషాల్లో వస్తుంటే ఇంట్లో పెట్టుకోవడం ఎందుకంకుల్ అని అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. వచ్చినన్నాళ్ళూ వస్తుంది. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా పెదనాన్న కొడుకు కొబ్బరితోట ఒక్క రాత్రిలో నేలమట్టమైంది. వాడింట్లో ధాన్యం ఉంది, పచ్చడి ఉంది, నుయ్యి ఉంది. తోట లేదు. తిండి దాచుకున్నవాడికి అన్నీ ఉన్నట్టు కాదు, వాడికి తెలిసినంత నాకు తెలీదు కాబట్టి కుర్రాళ్ళకి ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక అగ్గిపెట్టె ఇచ్చాను. వాళ్ళింట్లో లేదట, స్టవ్ నొక్కితే వెలిగేదట.

సాయంత్రం టార్చి ముందేసుకుని కూర్చున్నాను. కారింది ఆల్కలైన్ సెల్ కాబట్టి నిమ్మరసంలో ముంచిన చెవిపుల్లతో స్ప్రింగు రుద్దితే తెల్లటి ఉప్పు చిన్న నురగతో కరిగింది. తడి తుడిచి ఆరబెట్టి కొత్త సెల్స్ వేశాను. మూడుసార్లు తడితే నాలుగోసారి వెలిగింది. వాడనప్పుడు సెల్స్ బయట ఉంచాలని ఇప్పుడు తెలిసింది. కానీ ఇకనుంచి వాడతాను. తలుపు పక్కన మేకుకి తగిలించాను, రాత్రి మేడ మీదకి వెళ్ళేటప్పుడు అదే పట్టుకెళ్ళాలి.

మిగతావీ అలాగే సర్దాను. పెట్టెకంటూ ప్రత్యేకంగా సరుకు లేదు. వంటింట్లో వాడే డబ్బాలోనే పదిహేను రోజుల సరుకు ఎక్కువ, కొత్తది అడుగున, పాతది పైన. పొయ్యి లేకపోయినా తినడానికి అటుకులు, వేయించిన శనగపప్పు, బెల్లం. అవి సాయంత్రం టిఫినుకి ఎలాగూ అయిపోతుంటాయి, మళ్ళీ తెస్తుంటాం. నీళ్ళు మనిషికి రోజుకి తాగడానికీ వండడానికీ నాలుగు లీటర్ల లెక్కన, ఇద్దరికి అయిదు రోజులంటే నలభై, అంటే రెండు ఇరవై లీటర్ల క్యాన్లు. ఒకటి వాడుతుంటే రెండోది నిండుగా. బ్లడ్‌ప్రెషర్ మాత్రలు నెలాఖరుకి కాకుండా ఇరవయ్యో తారీఖుకే కొనాలి. రెండో సిలిండరు అయితే ఉంది, ఖాళీది ఇచ్చి నింపించే బద్ధకమే మిగిలింది.

రాత్రి మా ఆవిడ వీడియో కాల్ చేసింది. మనవణ్ణి చూపించాక, పెట్టె కథంతా చెప్పాను. పావురాల దగ్గర బాగా నవ్వింది. నోట్లు కెమెరా ముందు పెట్టాను. నవ్వు ఆగిపోయింది.

"ఏవీ, దగ్గరగా చూపించండి. మొత్తం ఎంత?"

"రెండు వేలు."

"నా బీరువాలో చీర మడతలోంచి తీసినవేనా?"

నేను గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించాను. ఎక్కువ సేపు పట్టలేదు.

"తుఫాను హడావిడిలో ఎక్కడో పోయాయనుకుని ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. చెల్లే నోట్లు కావాలి నాకు" అంది. పక్క గదిలోంచి అమ్మ, "ఇచ్చీరా, గొడవొదిలిపోతాది" అని అరిచింది.

రేపు రెండు కవర్లకి సరిపడా డబ్బు తియ్యాలి. ఒకటి ఇంటికి, ఒకటి ఆవిడకి. ట్రంకు పెట్టెలో ప్రస్తుతానికి తాడొక్కటే ఉంది.