నాలుగు బైట్ల తేడా

మంగళవారం. నాట్లు పడుతున్నాయి, పొద్దుటి నుంచీ ముసురు.

ఇవాళంతా బ్యాక్‌పోర్టుతోనే గడిచింది, అంటే కొత్త వెర్షన్‌లో చేసిన దిద్దుబాటును పాత వెర్షన్లలోకి తీసుకెళ్ళడం. డేటా లాగర్లు (కొలతల్ని నమోదు చేసే పెట్టెలు) రాసే ఫైళ్ళను చదివే చిన్న సీ భాషా లైబ్రరీ ఒకటుంది, దాని బాగోగులు చూసే నలుగురైదుగురిలో నేనొకణ్ణి. మొన్న మెయిన్ బ్రాంచిలో, అంటే కొత్త కోడ్ చేరే చోట, ఒక బగ్ మూశాం. పాడైన ఫైలు ఇస్తే, అందులో రికార్డు పొడవు ఎంత రాసుంటే అంతా నమ్మేసి బఫర్ (డేటా కోసం కేటాయించిన మెమరీ) దాటి చదివేసేది. ఫిక్సు మూడు లైన్లు: పొడవు మిగిలిన బైట్ల కన్నా ఎక్కువైతే ఎర్రరిచ్చి వెనక్కి వచ్చెయ్యడం. దాన్ని పాత బ్రాంచీలు 2.4కీ, 1.8కీ తీసుకెళ్ళడం నా వంతు.

2.4లోకి మారి, ఒక బ్రాంచిలోని మార్పును ఇంకో బ్రాంచికి తెచ్చే గిట్ ఆదేశం చెర్రీ-పిక్ కొట్టాను. ‘మైనస్ ఎక్స్’ తగిలించడం నాకు అలవాటు. ఈ మార్పు ఏ కమిట్ నుంచి వచ్చిందో కమిట్ సందేశంలోనే పడుతుంది, రెండేళ్ళ తర్వాత ఎవరైనా తవ్వితే దారి దొరుకుతుంది. ఆ మూడు లైన్ల బయట ఒకచోట కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది, అంటే రెండు బ్రాంచీల కోడ్ కలవలేదు. వేరియబుల్ పేరు మారింది, అంతే. కాఫీ చల్లారేలోపు తేలిపోయింది.

కాన్‌ఫ్లిక్ట్ చూస్తే నాకు భయం లేదు. గిట్ తనకు తెలియదని ఒప్పుకుని పని మన చేతిలో పెడుతుంది. ఏ గొడవా లేకుండా దిగిపోయిన లైన్లని చూస్తేనే అనుమానం. ఈ మూడు లైన్లూ అలాగే దిగాయి. కంపైలైంది, టెస్టులన్నీ పాసయ్యాయి. అయినా చుట్టూ ఉన్న ఫంక్షను మొత్తం చదివాను. మెయిన్‌లో ‘పొడవు’ అంటే రికార్డులోని అసలు డేటా పొడవు మాత్రమే. 2.4లో అదే పేరున్న వేరియబుల్‌లో రికార్డు మొదట్లో ఉండే 4 బైట్ల హెడర్ కూడా కలిసి ఉంటుంది. మిగిలిన బైట్ల లెక్క మాత్రం రెండింట్లోనూ హెడర్ చదివేశాకే. అంటే ఈ చెక్ 2.4లో నాలుగు బైట్లు ఎక్కువ కఠినంగా ఉంటుంది, ఏ లోపం లేని ఫైలును కూడా తోసేస్తుంది.

మరి టెస్టులు ఎందుకు పట్టుకోలేదంటే, టెస్టుల్లో ఉన్నవన్నీ కొత్త లాగర్ల ఫైళ్ళు. అవి చివర 8 బైట్ల చెక్‌సమ్ (ఫైలు పాడైందో లేదో సరిచూసే అంకె) రాస్తాయి, ఆ నాలుగు బైట్ల తేడా దాని వెనకాల దాక్కుంటుంది. చెక్‌సమ్ రాయని పాత లాగర్ల ఫైళ్ళలోనైతే చివరి రికార్డు ఎగిరిపోతుంది. 2.4ని వదలకుండా పట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది దగ్గరున్నవి ఆ పాత లాగర్లే! నాలుగు తీసేసి పోల్చేలా మార్చాను. పొడవు నాలుగు కన్నా తక్కువొస్తే తీసివేత తిరగబడి పెద్ద అంకె అవుతుంది కాబట్టి దానికి ముందే ఇంకో చెక్. పాత లాగరు ఫైలొకటి వెతికి టెస్టుల్లో చేర్చాను. మూడు లైన్ల ఫిక్సుకి అసలు పని ఇక్కడుంది.

పదకొండింటికి కరెంటు పోయింది. ఇన్వర్టరు రౌటరుకీ ఫ్యానుకీ సరిపోతుంది, పెద్ద మానిటరుకి సరిపోదు. లాప్‌టాప్ పట్టుకుని అరుగు మీద కూర్చుంటే బాబాయ్ చేలోంచి వచ్చాడు, మోకాళ్ళ దాకా బురద.

“ఏరా, ఇయ్యాల కూడా పాతదానికే అతుకులేత్తన్నావా?”

“అవును బాబాయ్. నువ్వూ మళ్ళీ స్వర్ణే కదా ఊడుస్తున్నావ్?”

“మరి? మిల్లోడు పేరు చెప్తేనే కొంటాడు. ఎన్నాళ్ళకి కోతకొత్తదో నాకు తెల్సు. కొత్త రకమేసి ఎవుడు తిప్పలు పడతాడ్రా.”

మాది మార్టేరుకి దగ్గరి ఊరు. ఆ స్వర్ణ, అదే ఎంటీయూ 7029, పుట్టింది మార్టేరు పరిశోధన కేంద్రంలోనే, 1982లో విడుదలైంది. దాని తర్వాత ఎన్ని రకాలొచ్చినా బాబాయ్ లాంటివాళ్ళు కదల్లేదు. మునిగినా బతికే స్వర్ణ కూడా ఉందని చెప్పాను. వెంటనే అడిగాడు: “అది స్వర్ణేనా, పేరొక్కటేనా?”

నేను బ్యాక్‌పోర్ట్ పెట్టినప్పుడల్లా 2.4 వాడేవాళ్ళ అనుమానమూ ఇదే. ఒడిశాలో ఎఫ్‌ఆర్13ఏ అని ఒక పాత వరి ఉంది, రెండు వారాల దాకా నీళ్ళలో మునిగినా చావదు. దాన్నుంచి సబ్1 అనే ఒక్క గుణాన్ని తీసుకుని, మళ్ళీ మళ్ళీ స్వర్ణతోనే సంకరం చేస్తూ, ప్రతి తరంలో డీఎన్‌ఏ మార్కర్లతో చూసి అక్కర్లేనిదాన్ని ఏరేశారు. అలా వచ్చిన స్వర్ణ-సబ్1 2009లో మన దేశంలో విడుదలైంది. గింజ స్వర్ణదే, కోత సమయం స్వర్ణదే. బాబాయ్ విన్నాడు. ఒక మడిలో వేసి చూద్దామన్నాడు, అదీ విత్తనం దొరికితే.

మా జట్టులో కుర్రాళ్ళు “పాత వెర్షన్ వాళ్ళని అప్‌గ్రేడ్ చేసుకోమనండి సార్, మనకెందుకు?” అంటారు. వాళ్ళ విసుగు నాకు అర్థమవుతుంది కానీ ఒప్పుకోను. లాగరు పెట్టెలో బిగించేసిన సాఫ్ట్‌వేర్‌ని మార్చాలంటే ఆ పెట్టెలన్నీ విప్పాలి. అలాగని అడిగిందల్లా వెనక్కి తీసుకెళ్ళడమూ తప్పే. లైనక్స్ కెర్నెల్ స్టేబుల్ నియమాలు, అంటే విడుదలైన వెర్షన్లకి దిద్దుబాట్లు చేర్చే నియమాలు, నాకు నచ్చుతాయి: ప్యాచ్ ముందు మెయిన్‌లైన్‌లో ఉండి తీరాలి, చుట్టూ కనబడే లైన్లతో కలిపి 100 దాటకూడదు. మెయిన్‌లో లేకుండా పాతదానికి మాత్రమే వేస్తే, ఎప్పటికో అప్‌గ్రేడ్ చేసుకున్నవాడికి పాత బగ్ మళ్ళీ ఎదురవుతుంది.

జాగ్రత్త తెలిసినవాళ్ళకీ ఇది సులువు కాదు. 2024 నవంబరు 14న వచ్చిన డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 17.1లో ఒక ఫిక్సు కోసం ఒక స్ట్రక్చరుకి (కొన్ని విలువల్ని కలిపి ఉంచే అమరిక) కొత్త ఫీల్డు చేర్చారు. చేర్చింది చివర్లోనే, అది మామూలుగా సురక్షితమైన పద్ధతి. కానీ దాంతో స్ట్రక్చరు సైజు పెరిగింది. పాత సైజుతో కంపైలైన కొన్ని ఎక్స్‌టెన్షన్లు, అంటే బయటివాళ్ళు రాసే అదనపు భాగాలు, ఇబ్బంది పడ్డాయి. పాత బ్రాంచీల విడుదలల్లోనూ ఇదే కథ. వారానికే, 21న, 17.2 తేవాల్సి వచ్చింది. అందుకే 2.4లో స్ట్రక్చర్లు రాసి ఉండే హెడర్ ఫైలు జోలికి వెళ్ళను.

మధ్యాహ్నం ఆఫీసు పని. సెక్యూరిటీ స్కానరు డెబియన్ (ఒక రకం లైనక్స్) నడుస్తున్న ఒక సర్వరు మీద ఎర్రజెండా ఎగరేసింది. వెర్షన్ నంబరు పాతదట! డెబియన్ వాళ్ళు ఫిక్సుని పాత వెర్షన్‌లోకే తెచ్చి, చివర ‘డెబ్12యూ1’ లాంటి తోక తగిలిస్తారు. ఆ తోక చూడకుండా ముందు నంబరు చూసి గోల చేసే స్కానర్లకి ఏటా సంజాయిషీ రాయడం నా ఉద్యోగంలో భాగం.

సాయంత్రం 2.4 ప్యాచ్ రివ్యూకి పంపాను. దాంతోపాటే, చదివే వేగం పెంచే మార్పు కూడా 2.4కి తెమ్మని ఒకాయన అడిగితే కాదని రాశాను. అది 600 లైన్లు, ఎవరి ఫైలూ దానివల్ల పాడవట్లేదు.

రేపు 1.8 సంగతి. అందులో ఆ ఫంక్షనే లేదు. అదే పని ఇంకో ఫైల్లో రెండు చోట్ల విడివిడిగా రాసి ఉంది, చెర్రీ-పిక్ పనికిరాదు, చేత్తో రాసుకోవాల్సిందే. పాత లాగరు ఫైలు మాత్రం దానికీ సరిపోతుంది.